కొన్న గేమ్ ఇక తెరుచుకోదట. మరి నేను కొన్నదేంటి?

రాత్రి_రేసర్:

ముందే చెప్తున్నా, కోపంలో రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

కొన్నేళ్ళ కిందట ఒక డిజిటల్ స్టోర్‌లో ఒక రేసింగ్ గేమ్ కొన్నాను. పేరు చెప్పను, చెప్తే కింద అందరూ ఆ గేమ్ బాగుందా లేదా అని కొట్టుకుంటారు. సేల్ దాకా ఆగకుండా, వచ్చిన వారంలోనే పూర్తి ధర పెట్టి కొన్నాను. మొన్న చాలా రోజుల తర్వాత ఆడదామని తెరిచాను. లైబ్రరీలో బొమ్మ ఉంది, ప్లే బటన్ ఉంది, నొక్కితే లోగో వచ్చింది, ఇంజిన్ సౌండ్ కూడా వచ్చింది, ఆ తర్వాత ‘సర్వర్‌కి కనెక్ట్ అవుతోంది’ అని ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. ఆ గేమ్‌లో ఇప్పుడు తిరిగే చక్రం అదొక్కటే.

నా నెట్‌లోనే ఏదో లోపం అనుకుని రూటర్ ఆపి ఆన్ చేశాను. గేమ్ మొత్తం తీసేసి మళ్ళీ డౌన్‌లోడ్ పెట్టాను, 60 జీబీ, రాత్రంతా. తెల్లారి చూస్తే మళ్ళీ అదే చక్రం. అప్పుడు వెతికితే తెలిసింది, సర్వర్లు ఆపేసి రెండు నెలలైందట. మెయిల్ కూడా పంపారట. నిజమే, ఆఫర్ల మెయిల్స్ మధ్యలో చదవకుండా పడి ఉంది.

నాకు మండింది ఎక్కడంటే, నేను ఆన్‌లైన్‌లో ఎవరితోనూ పోటీ పడలేదు. ఒక్కణ్ణే కెరీర్ మోడ్ ఆడుకునేవాణ్ణి, ఎప్పుడైనా తమ్ముడొస్తే కంట్రోలర్ వాడి చేతికిచ్చి పక్కన కూర్చునేవాణ్ణి. దానికి సర్వర్ ఎందుకు? సపోర్ట్ చాట్‌లో అడిగితే ‘మీరు పొందింది వాడుకునే లైసెన్స్ మాత్రమే’ అని ఎక్కడి నుంచో తెచ్చిన పేరా ఒకటి అతికించారు. బటన్ మీద ‘కొనండి’ అని ఉంది కదండీ అన్నాను. మళ్ళీ అదే పేరా.

చట్టప్రకారం ఇలా చేయొచ్చా? డిస్క్ కొని ఉంటే తప్పించుకునేవాణ్ణా? అదే అకౌంట్లో ఇంకా వందకు పైగా గేమ్స్, కొన్ని సినిమాలు ఉన్నాయి, వాటి సంగతేంటి?

సగంచార్జ్:

‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కినప్పుడే అయిపోయింది బ్రో. ఆ పేజీ చివరిదాకా చదివినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. నేనూ చదవలేదు.

నల్లకోటు_లేదు:

లాయర్ని కాను, ఈ విషయం మీద పిచ్చి ఉన్నవాణ్ణి అంతే.

అచ్చు పుస్తకం కొంటే అందులో రెండు సంగతులుంటాయి. లోపలి రాతల మీద హక్కు రాసినవాళ్ళది, చేతిలో ఉన్న కాగితాల కట్ట మాత్రం మీది. చదివాక అమ్ముకోవచ్చు, ఎవరికైనా ఇచ్చేయొచ్చు, చించి పొయ్యిలో పెట్టుకోవచ్చు. ఇది ఊరికే వచ్చింది కాదు. అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ తన నవల లోపల ‘దీన్ని ఒక డాలర్ కంటే తక్కువకి అమ్మితే కాపీరైట్ ఉల్లంఘన కింద చూస్తాం’ అని అచ్చేసింది. ఒక పెద్ద షాపువాళ్ళు పట్టించుకోకుండా 89 సెంట్లకి అమ్మారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒకసారి అమ్మేశాక ఆ ప్రతిని ఎంతకి తిరిగి అమ్మాలో చెప్పే అధికారం మీకు లేదని 1908లో కోర్టు తేల్చేసింది. పాత డిస్కులు, పాత సీడీలు అమ్ముకుని బతికిన దుకాణాలన్నీ ఆ సూత్రం నీడలోనే బతికాయి.

డిజిటల్‌కి వచ్చేసరికి కంపెనీలు ‘అమ్మాం’ అనడమే మానేశాయి, ఒప్పందంలో మాత్రం. అమ్మకమే జరగకపోతే కొన్నవాడికి హక్కు ఎక్కడిది? పైగా ఫైల్‌ని ఇంకొకరికి పంపితే అది చేతులు మారినట్టు కాదు, కొత్త కాపీ పుట్టినట్టే అని వాళ్ళ ఇంకో వాదన. పాత పాటల ఫైల్స్ అమ్మిపెట్టే రీడిజి అనే సర్వీస్ ఈ వాదన దగ్గరే ఓడిపోయింది, 2018లో అప్పీలు కోర్టులో కూడా. యూరప్‌లో అయితే వైకుంఠపాళీ ఆటే. డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌ని తిరిగి అమ్ముకోవచ్చని యూరప్ అత్యున్నత కోర్టు 2012లో అంది, అందరం నిచ్చెన ఎక్కామనుకున్నాం. 2019లో అదే కోర్టు ఈబుక్స్‌కి అది వర్తించదంది. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న గేమ్స్‌ని తిరిగి అమ్ముకోనివ్వాలని కేసేసి 2019లో గెలిచింది, 2022లో అప్పీలులో ఓడింది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకి జవాబు, చాలా చోట్ల చేయొచ్చు. చెప్పడానికి నాకూ బాగాలేదు.

ఇక ఆ ‘కొనండి’ బటన్. దాని మీద కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. వెనక్కి తీసుకునే వీలున్న డిజిటల్ సరుకుని ‘కొనండి’ అని అమ్మాలంటే, మీకు దక్కేది లైసెన్సేనని ముందే స్పష్టంగా చెప్పాలి. పూర్తిగా డౌన్‌లోడ్ చేసుకుని, ఎవరి అనుమతీ లేకుండా ఎప్పటికీ వాడుకోగలిగేవాటికి ఈ షరతు లేదు. స్టీమ్ 2024 అక్టోబర్‌లోనే డబ్బు కట్టే పేజీలో ఆ ముక్క పెట్టేసింది. మనకి హక్కేమీ పెరగలేదు, అబద్ధం చెప్పి అమ్మడం మాత్రం ఆగింది.

అట్టపెట్టె:

డిస్క్ గురించి అడిగారు కదా అన్నా. నేను డిస్క్ మనిషినే, షెల్ఫ్ నిండా పెట్టుకున్నాను, అయినా చెప్తున్నా, డిస్క్ ఉంది కదా అని ధీమాగా ఉండే రోజులు పోయాయి. యూబీసాఫ్ట్ కంపెనీ ‘ద క్రూ’ అనే రేసింగ్ గేమ్ సంగతి చూడండి, మీ కథ లాంటిదే. 2014లో వచ్చింది, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడినా సర్వర్ కావాల్సిన గేమ్ అది, అందుకని డిస్క్ కొన్నవాళ్ళ చేతిలో మిగిలింది గుండ్రటి ప్లాస్టిక్ ముక్క. డిజిటల్‌గా కొన్నవాళ్ళకైతే ఆ తర్వాత లైబ్రరీలోంచి లైసెన్సే లాగేశారు.

ఇప్పుడు నింటెండో కన్సోల్ స్విచ్ 2కి ‘గేమ్ కీ కార్డ్’ అని వస్తున్నాయి. కార్డ్ ఉంటుంది, పెట్టె ఉంటుంది, లోపల గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రం ఉంటుంది. ఆ కార్డ్‌ని ఇంకొకరికి అమ్ముకోవచ్చు, అదొక్కటి మేలు. డౌన్‌లోడ్ ఇచ్చే సర్వర్ ఉన్నన్నాళ్ళే ఆ మేలు కూడా.

నేను చేసేదేంటంటే కొత్త డిస్క్ రాగానే కన్సోల్‌కి నెట్ పీకేసి పెట్టి చూస్తాను. నడిస్తే షెల్ఫ్‌లోకి. నడవకపోతే పెట్టె వెనక చిన్న స్టిక్కర్ అంటిస్తాను. ఈమధ్య స్టిక్కర్లు త్వరగా అయిపోతున్నాయి.

బ్యాకెండ్_కూలీ:

తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నా. నేను పనిచేసేది సర్వర్ల వైపే, ఇలాంటి గేమ్ ఒకదాన్ని మూసేసిన టీమ్‌లో ఉన్నాను.

బయటినుంచి చూస్తే ‘ఆ సర్వర్ ప్రోగ్రాం మాకిచ్చేయొచ్చుగా, మేమే నడుపుకుంటాం’ అనిపిస్తుంది. లోపల చూస్తే అది ఒక్క ప్రోగ్రాం కాదు. లాగిన్‌కి ఒకటి, ప్లేయర్ డేటాకి ఒకటి, షాపుకి ఒకటి, ఇలా ముక్కలు ముక్కలు, వాటిలో కొన్ని బయటి కంపెనీల నుంచి అద్దెకి తెచ్చుకున్నవి, వాటిని ఇంకొకరికి పంచే హక్కు మాకే లేదు. రేసింగ్ గేమ్ అయితే కార్ల బ్రాండ్ల లైసెన్సులు, పాటల లైసెన్సులు వేరే, అవన్నీ గడువున్న ఒప్పందాలు. చివర్లో ఎలా మూయాలో ఎవరూ ముందు ఆలోచించరు, మూసేనాటికి దాన్ని రాసినవాళ్ళు కంపెనీలో ఉండరు.

కానీ మీ కెరీర్ మోడ్ విషయంలో నేను మీ వైపే. ఒంటరిగా ఆడేదానికి సర్వర్ అడగడమనేది సాంకేతిక అవసరం కాదు, ఎవరో ఒక మీటింగ్‌లో తీసుకున్న నిర్ణయం. మొదట్లోనే అనుకుని ఉంటే చిన్న పని, పదేళ్ళ తర్వాత చేయాలంటే గోడ పగలగొట్టి పైపు వేసినంత పని. చేయాలనుకున్నవాళ్ళు చేశారు కూడా. ‘నాకౌట్ సిటీ’ పూర్తిగా ఆన్‌లైన్ గేమే, 2023లో సర్వర్లు ఆపేటప్పుడు పీసీవాళ్ళు సొంతంగా సర్వర్ పెట్టుకుని ఆడుకునే వెర్షన్ ఉచితంగా ఇచ్చి మరీ ఆపారు. ‘ద క్రూ’ గొడవ ముదిరాక యూబీసాఫ్ట్ కూడా దాని రెండో భాగానికి ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామని 2024లో ప్రకటించింది. అంటే కుదరదన్నది మొత్తం నిజం కాదు.

‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అని రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 2024లో మొదలుపెట్టిన ఉద్యమం అడిగేది కూడా ఇంతే. సర్వర్లు ఎప్పటికీ నడపమని కాదు, ఆపేటప్పుడు ఆడుకోగలిగే స్థితిలో వదిలిపెట్టమని. యూరప్‌లో వాళ్ళ పిటిషన్ 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటింది. మా ఆఫీసులో దాన్ని తిట్టినవాళ్ళున్నారు, రహస్యంగా సంతకం పెట్టినవాళ్ళూ ఉన్నారు. (నేను ఏ రకమో అడగొద్దు.)

సగంచార్జ్:

అడగం. పెట్టావు.

పుస్తకాలపురుగు_77:

గేమ్స్ నాకు తెలియవు కానీ ఇది గేమ్స్‌తో మొదలైంది కాదు బాబూ. అమెజాన్ 2009లోనే తన ఈబుక్ రీడర్లైన కిండిల్స్‌లోంచి జనం కొన్న ఈబుక్స్ కొన్నిటిని రాత్రికి రాత్రి తీసేసింది. వాటిని స్టోర్‌లో పెట్టినవాళ్ళకి హక్కులు లేవన్నది కారణం. డబ్బు తిరిగిచ్చారు, సరే. కానీ ఒక విద్యార్థి, పుస్తకంతోపాటు తను రాసుకున్న నోట్స్ కూడా పనికిరాకుండా పోయాయని కోర్టుకెక్కాడు, కంపెనీ రాజీకొచ్చింది. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈబుక్ స్టోర్ మూసేసినప్పుడు కూడా డబ్బు వాపసు ఇచ్చింది, పుస్తకాలు మాత్రం మాయం. సినిమాలూ షోలూ అంతే. డిస్కవరీ చానల్ షోలు కొన్నవాళ్ళ లైబ్రరీలోంచి అవి పోతాయని 2023 డిసెంబర్‌లో ప్లేస్టేషన్ చెప్పింది, పెద్ద గోల జరిగాక కొత్త ఒప్పందం చేసుకుని ఆపింది.

నా సంగతి వేరు. మా నాన్నగారు చివరి నాలుగైదేళ్ళు ఈబుక్సే చదివారు, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చని. ఆయన పోయాక బీరువాలోని అచ్చు పుస్తకాలు నేనూ అక్కా పంచుకున్నాం, పుస్తకం పుస్తకానికీ పోట్లాడి మరీ. ఈబుక్స్ ఉన్న రీడర్ నా దగ్గరికొచ్చింది. ఒకరోజు అది దానంతటదే లాగౌట్ అయింది. పాస్‌వర్డ్ నాకు తెలుసు, ఓటీపీ మాత్రం ఆయన నంబర్‌కి వెళ్తుంది, ఆ సిమ్ మేమే రద్దు చేయించాం. కంపెనీకి రాస్తే అకౌంట్ వారసులకి బదిలీ కాదన్నారు. ఆయన గీతలు గీసుకున్న వాక్యాలు అందులో ఎన్నున్నాయో.

నల్లకోటు_లేదు:

బాధాకరం అండీ. స్టీమ్ ఒప్పందంలో కూడా అకౌంట్‌ని వేరొకరికి బదిలీ చేయకూడదనే ఉంటుంది. వీలునామాలో రాసినా లాభం లేదు.

అట్టపెట్టె:

@రాత్రి_రేసర్ మిగిలినవాటి సంగతి అడిగారు, ఎవరూ చెప్పలేదు. నెట్ ఆపి ఒక్కొక్కటీ తెరిచి చూడండి, ఏది మీ చేతిలో ఉందో ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. ఇకమీదట కొనేవి వీలైతే గాగ్ (GOG) లాంటి గేమ్ స్టోర్‌లో కొనండి, అక్కడ ఇన్‌స్టాలర్ ఫైలే ఇస్తారు, హార్డ్‌డిస్క్‌లో పడేసుకుంటే స్టోర్ మూతపడినా పనిచేస్తుంది. పాటలైతే మామూలు ఫైల్‌గా ఇచ్చే చోట కొనుక్కోండి, ఆపిల్ ఐట్యూన్స్ కూడా 2009లోనే పాటలకి వేసిన కాపీ తాళాలు తీసేసింది. ఈబుక్స్‌కి మాత్రం దారి ఇంకా ఇరుకైంది, కిండిల్ పుస్తకాల్ని కంప్యూటర్‌కి దించుకుని యూఎస్‌బీతో ఎక్కించుకునే వీలు 2025 ఫిబ్రవరిలో తీసేశారు.

పైరసీ చేసుకో అని ఎవరైనా అంటారని ఎదురుచూస్తున్నా, ఇంకా రాలేదేంటి.

సగంచార్జ్:

నేను అనబోయి ఆగాను. డబ్బు పెట్టినవాడికి చక్రం, పెట్టనివాడికి గేమ్, ఇంతకంటే ఏం చెప్పను.

రాత్రి_రేసర్:

అందరికీ థాంక్స్. అట్టపెట్టె అన్న చెప్పినట్టు నిన్న సాయంత్రం రూటర్ ఆపేసి కూర్చున్నాను. ఇన్‌స్టాల్ చేసి ఉన్నవి 31. తెరుచుకున్నవి 19. నేను చాలా సేఫ్ అనుకున్న ఒక కథ గేమ్, ఒక్కడే ఆడేది, మొదటి స్క్రీన్‌లోనే లాగిన్ అడిగి ఆగిపోయింది. ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన చిన్న గేమ్స్ మాత్రం అన్నీ టక్కున తెరుచుకున్నాయి. సినిమాలు ఒక్కటీ ప్లే కాలేదు, డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నవి కూడా ‘మీ లైసెన్స్ సరిచూడాలి, నెట్ ఆన్ చేయండి’ అన్నాయి.

రీఫండ్ కూడా అడిగి చూశాను, గడువు దాటిపోయిందట. వాళ్ళ గడువు మాత్రం పక్కాగా ఉంటుంది.

బ్యాకెండ్_కూలీ గారూ, మీ గేమ్ మూసేసినప్పుడు ప్లేయర్ల సేవ్స్ ఏం చేశారు?

బ్యాకెండ్_కూలీ:

కొన్నాళ్ళు ఉంచి తుడిచేశాం. డేటా ఉంచుకుంటే దానికీ ఖర్చు, దాని మీదా రూల్స్. మీది కూడా పోయే ఉంటుంది. స్క్రీన్‌షాట్లు ఏమైనా తీసుకున్నారా?

రాత్రి_రేసర్:

ఫోటో మోడ్‌లో బోలెడు తీశాను, అవన్నీ వాళ్ళ గ్యాలరీలోనే సేవ్ అయ్యేవి. నా ఫోన్‌లో ఒక్కటుంది. తమ్ముడు మొదటిసారి రేస్ గెలిచినప్పుడు టీవీని ఫోన్‌తో తీశాడు. కారు సగమే కనిపిస్తుంది, మిగతా సగం ట్యూబ్‌లైట్ మెరుపు.