అనంతపురం మెట్ట రైతుకి పొలంలో చేయించి నేర్పే ట్రైనింగ్ ఎక్కడ?

అన్నలూ అక్కలూ, నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాను, తమ్ముడు కళ్యాణదుర్గం పక్కన మా ఊళ్ళో ఎర్రనేల నాలుగెకరాలు చూసుకుంటాడు. అంతా వానమీదే, జిల్లాకి ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల దగ్గర, ఈసారి చెనక్కాయ ఊడలు దిగే టైంకి నెలరోజులు చినుకు లేదు. మొన్న ఒక చెట్టు పీకి ఫోటో పెట్టాడు, రెండే కాయలు, మిగతావన్నీ తాలు, చూసి అన్నం సహించలేదు నాకు.

వాడు పట్నానికి రానంటున్నాడు, సేద్యమే బాగా నేర్చుకుంటానంటున్నాడు, అది నాకూ నచ్చింది. పోయినేడు ఒక ప్రైవేట్ సెంటర్‌కి పోతే మూడు రోజులు స్లైడ్లు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు, పొలంలో అడుగే పెట్టలేదంట.

రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, ఇక్కడ బెంగళూరులో జీకేవీకే (వ్యవసాయ యూనివర్సిటీ), హెసరఘట్ట ఐఐహెచ్ఆర్ (పండ్లు, కూరగాయల పరిశోధన సంస్థ)లో గానీ ట్రైనింగ్ చేసినవాళ్ళున్నారా? గొర్రెలు, కొర్ర, కంది అంతరపంట, డ్రిప్ బిగించడం, ఇవి చేయించి నేర్పిస్తారా? ఉండటానికి రూమ్ ఇస్తారా? వాడికి కన్నడ రాదు, తెలుగులో చెప్పేవాళ్ళు దొరుకుతారా? జూన్‌లో విత్తనం పడేలోపు పంపాలి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.