మార్నర్‌ని ఊరికే పోగొట్టుకున్నారా? మాథ్యూస్‌కి డిఫెన్స్ ఎక్కువై గోల్స్ తగ్గాయా?

గాంధీరోడ్డు_పూలకొట్టు

అందరికీ నమస్తే. మాది తిరుపతి, గాంధీ రోడ్డులో పూల కొట్టు. మా అన్న టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉంటాడు, ఆయన వల్లే నాకు ఈ ఐస్ హాకీ పిచ్చి పట్టుకుంది. అక్కడ రాత్రి 7కి మొదలయ్యే మ్యాచ్ ప్లేఆఫ్స్ టైమ్‌లో మనకు తెల్లవారుజామున 4:30కి వస్తుంది, సరిగ్గా మా కొట్టు ముందు పూల బుట్టలు దిగే వేళ, కాబట్టి ఫోన్ తక్కెడకి ఆనించి పెట్టుకుని మాలలు కడుతూ చూస్తాను.

మా జట్టు టొరంటో మేపుల్ లీఫ్స్. 2025 మేలో ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) సిరీస్‌లో ఫ్లోరిడా చేతిలో ఏడో మ్యాచ్ 6-1తో పోయిన రోజు నాకు అన్నం సయించలేదు. మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచాం, తర్వాత సొంత గడ్డ మీద ఐదో మ్యాచ్ 6-1, మళ్లీ ఏడోది కూడా అదే 6-1. 1967 నుంచి స్టాన్లీ కప్పు (ఉత్తర అమెరికా లీగ్ NHL టైటిల్) లేని జట్టు ఇది. ఆ బాధ తీరకముందే మా స్టార్ ఫార్వర్డ్ మార్నర్ వేగాస్‌కి వెళ్లిపోయాడు. ఆ సీజన్‌లో 102 పాయింట్లు (గోల్స్, గోల్‌కి సాయం చేసిన పాస్‌లు కలిపి) చేసినవాడు పోతే బదులుగా వచ్చింది నికొలస్ రాయ్ ఒక్కడే.

మా అన్న రెండు మాటలంటాడు. ఒకటి, ఇంత దండగ బేరం ఇంకొకటి లేదని. రెండు, మా ఇంకో స్టార్ ఫార్వర్డ్ మాథ్యూస్ 2023-24లో 69 గోల్స్ కొట్టి తర్వాతి ఏడాది 33కి పడిపోయాడంటే, కొత్త కోచ్ వచ్చాక వెనక్కి పరిగెత్తి డిఫెన్స్ ఆడటం ఎక్కువైందని, ఏడాదికి 1.325 కోట్ల డాలర్లు ఇచ్చేది గోల్స్ కొట్టడానికే గానీ పక్ (ఐస్ హాకీలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) అడ్డుకోవడానికి కాదని. నాకు ఈ రెండో మాట మింగుడు పడటం లేదు, కానీ ఫోన్‌లో ఆయనకి సరిగ్గా చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

పలమనేరు_టు_కాల్గరీ

తమ్ముడూ, ముందు మార్నర్ సంగతి. దాన్ని మామూలు ట్రేడ్ లెక్కన చూస్తే మీ అన్న అన్నదే నిజం, కానీ అది మామూలు ట్రేడ్ కాదు. జూలై 1 వస్తే అతని కాంట్రాక్ట్ అయిపోతుంది, ఎవరికీ పైసా బాకీ లేకుండా నచ్చిన జట్టులో చేరిపోవచ్చు. పైగా నో-మూవ్‌మెంట్ క్లాజ్ ఉంది, అతను సరే అనకపోతే ఎక్కడికీ పంపలేరు. టొరంటో చేతిలో మిగిలింది ఒక్కటే. అప్పటి రూల్ ప్రకారం ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్ సొంత జట్టు మాత్రమే ఇవ్వగలదు, బయటి జట్టు ఏడేళ్లకు మించి ఇవ్వలేదు. అందుకే టొరంటో దగ్గరే 8 ఏళ్లకు 9.6 కోట్ల డాలర్ల సంతకం పెట్టించి వేగాస్‌కి అప్పగించారు. ఆ ఎనిమిదో ఏడాదికి కట్టిన ధరే రాయ్. నువ్వు పూల వ్యాపారం చేసేవాడివి కాబట్టి చెప్తున్నా, రాత్రి ఎనిమిదింటికి బుట్టలో మిగిలిన మల్లెపూలకి పొద్దుటి ధర అడగలేం కదా.

తప్పు జరిగింది అంతకు రెండేళ్ల ముందు. ఆ క్లాజ్ అమల్లోకి వచ్చింది 2023 జూలైలో. అప్పటికే కూర్చోబెట్టి మాట్లాడి, ఉంటావా పోతావా అని తేల్చుకోవాల్సింది.

కరోలినా ఏం చేసిందో చూడు. 2025 జనవరిలో కొలరాడో నుంచి రంటానెన్‌ని తెచ్చుకున్నారు, అతను ఎక్కువ కాలానికి సంతకం పెట్టేలా లేడని అర్థం కాగానే జూలై దాకా ఆగలేదు, మార్చిలోనే డాలస్‌కి ఇచ్చేసి స్టాంకోవెన్‌నీ, రెండు మొదటి రౌండ్ పిక్‌లనీ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు), ఇంకో రెండు మూడో రౌండ్ పిక్‌లనీ రాబట్టుకున్నారు. ఆ ఏడాది వాళ్లు కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లారు కూడా.

అయితే ఎక్కువ రాబట్టుకుంటే గెలిచినట్టే అని కూడా అనుకోవద్దు. 2022లో మా కాల్గరీ వాళ్లు మాథ్యూ తకాచుక్‌ని ఫ్లోరిడాకి ఇచ్చినప్పుడు, ఆ సీజన్‌లో 115 పాయింట్లు చేసిన హ్యుబెర్డోనీ, వీగర్‌నీ, ఇంకో కుర్రాణ్ణీ, ఒక మొదటి రౌండ్ పిక్‌నీ తెచ్చారు. ఆ రోజు నేను ఫ్రెండ్స్ అందరికీ ఫోన్ చేసి సంబరపడ్డాను. తర్వాతి ఏడాది హ్యుబెర్డో 55 పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. ఫ్లోరిడా 2024లో, 2025లో కప్పు ఎత్తింది. ఆ గాయం నాకు ఇంకా పచ్చిగానే ఉంది.

చిత్తూరు_స్లాప్‌షాట్

ట్రేడ్ గురించి అన్న చెప్పింది ఒప్పుకుంటాను. డిఫెన్స్ విషయంలో మాత్రం నేను పూలకొట్టు వాళ్ల అన్న పక్షమే.

వాషింగ్టన్ ఒవెచ్కిన్‌ని చూడండి. 2013-14లో 51 గోల్స్ కొట్టాడు, అయినా ప్లస్-మైనస్ (తను మంచు మీద ఉన్నప్పుడు జట్టు కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చుకున్నవి తీసేసిన లెక్క) మైనస్ 35. ఆ ఏడాది అందరూ ఆయన మీద పడ్డారు, వెనక్కి రాడు, నిలబడి చూస్తుంటాడు, కెప్టెన్సీ తీసేయాలి అని. జట్టు ఆయన్ని మార్చి వేరే మనిషిని చేయాలనుకుంటే ఏమయ్యేది? 2018లో కప్పు గెలిచాడు, ప్లేఆఫ్స్‌లో బెస్ట్ ప్లేయర్ ట్రోఫీ కూడా ఆయనదే, 2025 ఏప్రిల్‌లో గ్రెట్జ్‌కీ 894 గోల్స్ రికార్డ్ కూడా దాటేశాడు. గోల్ కొట్టే చేయి దేవుడు అందరికీ ఇవ్వడు. వెనక్కి పరిగెత్తి కాళ్లు అలిసిపోయాక షాట్‌లో పదును ఎక్కడి నుంచి వస్తుంది? అడ్డుకోవడానికి మూడో లైన్‌లో, నాలుగో లైన్‌లో తక్కువ జీతానికి బోలెడు మంది దొరుకుతారు.

ఎస్వీయూ_లెఫ్ట్‌ఔట్

నాకు ఐస్ హాకీ అంతగా తెలియదు, మా అబ్బాయి చూస్తుంటే పక్కన కూర్చుని చూస్తాను. కానీ తిరుపతిలో యూనివర్సిటీ గ్రౌండ్ మట్టి మీద నాలుగేళ్లు మన మామూలు హాకీలో లెఫ్ట్ ఔట్ (ఎడమ వైపు ఫార్వర్డ్) ఆడినదాన్ని కాబట్టి ఫార్వర్డ్ డిఫెన్స్ గురించి ఒక మాట చెప్పాలనిపించింది.

బయట నుంచి చూసేవాళ్లు ఫార్వర్డ్ డిఫెన్స్ అంటే సొంత గోల్ దగ్గరికి పరిగెత్తుకు రావడం అనుకుంటారు. అసలు పని పైనే జరుగుతుంది. బంతి మన చేతిలోంచి పోయిన ఆ రెండు మూడు సెకన్లలో, వాళ్ల ఫుల్‌బ్యాక్ తల ఎత్తి ఎవరికివ్వాలా అని చూసేలోపు మీద పడి, లోపలికి పాస్ దారి మూసేసి సైడ్‌లైన్ వైపు తోసేయాలి. అది ఒక్కటి చేస్తే వెనక ఉన్న హాఫ్‌లకి సగం పని తగ్గిపోతుంది. పైగా అక్కడ బంతి దొరికితే గోల్ ఇరవై గజాల దూరంలోనే ఉంటుంది. నేను కొట్టిన గోల్స్‌లో ఎక్కువ అలా లాక్కున్నవే. కాళ్లు అలిసిపోతాయి అన్నది నిజమే, కానీ పైన ఐదడుగులు సోమరిగా నిలబడితే తర్వాత యాభై గజాలు వెనక్కి పరిగెత్తాల్సి వస్తుంది, అప్పుడు ఇంకా అలిసిపోతాం.

2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో మన క్వార్టర్ ఫైనల్ చూసే ఉంటారు. 17వ నిమిషంలో రోహిదాస్‌కి రెడ్ కార్డ్, ఆ తర్వాత మ్యాచ్ అయ్యేదాకా పది మందే. 1-1తో నిలబెట్టి షూటౌట్‌లో 4-2తో గెలిచాం. శ్రీజేష్ గురించి అందరూ మాట్లాడారు, మాట్లాడాల్సిందే, ఆయన ఆ రోజు గోడలా నిలబడ్డాడు. కానీ ఫార్వర్డ్‌లు డి (గోల్ ముందున్న అర్ధవృత్తం) దాకా దిగి టాకిల్స్ చేయకపోతే శ్రీజేష్ ఒక్కడే ఎన్ని ఆపగలడు? మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి రజని 2017 ఆసియా కప్ గెలిచిన టీమ్‌లోనూ, 2022 కామన్వెల్త్ కాంస్యం తెచ్చిన టీమ్‌లోనూ గోల్‌కీపర్. ఆ ప్యాడ్‌లు కట్టుకుని వెనక నిలబడేవాళ్లకి ముందు ఫార్వర్డ్ వేసే ప్రతి అడుగు విలువ తెలుస్తుంది. స్టార్ కదా అని వదిలేస్తే ఆ భారం మోసేది వాళ్లే.

గాంధీరోడ్డు_పూలకొట్టు

అక్కా, ఫోన్‌లో అన్నకి చెప్పాలనుకుని మాటలు దొరకనిది ఇదే. చాలా థ్యాంక్స్.

స్లాప్‌షాట్ తమ్ముడూ, నువ్వు చెప్పింది చదివాక పాత లెక్కలు తీసి చూశాను. డిఫెన్స్ బాగా ఆడే ఫార్వర్డ్‌కి ఇచ్చే సెల్కీ ట్రోఫీ ఉంది కదా, 2024లో దానికి చివరి ముగ్గురిలో మాథ్యూస్ ఉన్నాడు, బార్కోవ్, జోర్డాన్ స్టాల్‌తో పాటు. అంటే 69 గోల్స్ కొట్టిన సీజన్‌లోనే డిఫెన్స్ కూడా అంత బాగా ఆడాడు! మరి డిఫెన్స్ వల్ల గోల్స్ తగ్గాయని ఎలా అంటాం? 33కి పడిపోయిన ఏడాది అతను ఆడింది 67 మ్యాచ్‌లే, గాయంతో చాలా మ్యాచ్‌లు పోయాయి. నడుం పట్టేస్తే మాల కట్టడానికి కూర్చోవడమే కష్టం, అలాంటిది గాయం పెట్టుకుని మంచు మీద షాట్ కొట్టాలంటే ఎంత కష్టమో.

చిత్తూరు_స్లాప్‌షాట్

సెల్కీ సంగతి నాకు గుర్తు లేదు, అది మంచి పాయింట్, ఒప్పుకుంటున్నా. కానీ ఒవెచ్కిన్ సంగతేంటి? ఆయన వెనక్కి రాకపోయినా గెలిచాడు కదా.

పలమనేరు_టు_కాల్గరీ

మైనస్ 35 గురించి ఒకటి తెలుసుకోవాలి. ప్లస్-మైనస్‌లో పవర్ ప్లేలో (అవతలివాడు పెనాల్టీతో బయట కూర్చుని మనకు ఒక మనిషి ఎక్కువున్నప్పుడు) కొట్టిన గోల్‌కి ప్లస్ పడదు. ఆ ఏడాది ఆయన 51లో దాదాపు సగం పవర్ ప్లే గోల్స్, అవేవీ లెక్కలోకి రావు. గోల్‌కీపర్ సరిగ్గా ఆడకపోయినా, పక్కన ఉన్నవాడు తప్పు చేసినా మైనస్ మాత్రం ఆయనకీ పడుతుంది. కాబట్టి ఆ నంబర్ ఒక్కటి పట్టుకుని ఆయన్ని తిట్టినవాళ్లదీ తప్పే. అలాగని 2018 వసంతంలో ఆయన షాట్‌లకి అడ్డంగా పడుకోలేదా, వెనక్కి రాలేదా? ఆ ప్లేఆఫ్స్ మళ్లీ చూడు. అంతకు ముందు పదేళ్లలో చూడని ఒవెచ్కిన్ కనబడతాడు.

నన్నడిగితే ఈ చర్చకి సరిపోయే మనిషి స్టీవ్ యెజర్‌మన్. 1988-89లో డెట్రాయిట్‌కి 65 గోల్స్, 155 పాయింట్లు. అంత చేసినా కప్పు రాలేదు. 1993లో స్కాటీ బౌమన్ కోచ్‌గా వచ్చి, నువ్వు మన జోన్‌లో కూడా ఆడాల్సిందే అన్నాడు. పాయింట్లు తగ్గాయి, ఆ తర్వాత ఎప్పుడూ 100 దాటలేదు. మీ అన్న లాంటి వాళ్లు అప్పుడూ ఉన్నారు, ఒటావాకి ట్రేడ్ చేసేస్తారని వార్తలు కూడా వచ్చాయి. సొంత అభిమానులు అతన్ని పంపొద్దని గట్టిగా నిలబడ్డారు. 1997లో డెట్రాయిట్ 42 ఏళ్ల తర్వాత కప్పు గెలిచింది, 1998లో మళ్లీ, 2002లో మళ్లీ, మూడుసార్లూ కెప్టెన్ అతనే. మధ్యలో 2000లో సెల్కీ కూడా వచ్చింది. 155 పాయింట్లు చేసినవాడికి సెల్కీ! ఆ ట్రేడ్ జరిగి ఉంటే డెట్రాయిట్ వాళ్లు ఈ రోజుకీ ఏడుస్తూ ఉండేవాళ్లు.

ఎస్వీయూ_లెఫ్ట్‌ఔట్

మా కోచ్ కూడా ఇలాగే చేశారు. మొదటి ఏడాది నేను గోల్స్ కొడుతూనే ఉన్నాను, ఆయన మాత్రం నన్ను బెంచ్ మీద కూర్చోబెట్టి, పక్కనున్న అమ్మాయి బంతి పోగానే ఎటు తిరుగుతోందో చూడమన్నారు. అప్పుడు చాలా ఏడ్చాను. ఇప్పుడు మా అబ్బాయికి నేను అదే చూపిస్తున్నా.

గాంధీరోడ్డు_పూలకొట్టు

కాల్గరీ అన్నా, యెజర్‌మన్ సంగతి మా అన్నకి ఆదివారం ఫోన్‌లో చెప్తాను, ఆయనకి ఆ కాలం హాకీ తెలియదు. ఇంకొక్కటి. మాథ్యూస్ ఏ షిఫ్ట్‌లో (ఒకసారి దిగి మళ్లీ బెంచ్‌కి వచ్చేదాకా) ఎంతసేపు మంచు మీద ఉన్నాడో చూసుకుని ఆ ముక్కలే మళ్లీ ఆడించి చూద్దామని ఉంది. ఆ లెక్క ఎక్కడ దొరుకుతుంది?

పలమనేరు_టు_కాల్గరీ

NHL లీగ్ సైట్‌లోనే ఉంటుంది తమ్ముడూ, ఆ మ్యాచ్ పేజీ తెరిచి కింద గేమ్ రిపోర్టుల్లో టైమ్ ఆన్ ఐస్ అని ఉన్నది తీసుకో. ఒక్కో షిఫ్ట్ ముప్పావు నిమిషం దాకా ఉంటుంది, మొదలు, ఆఖరు రెండూ రాసి ఉంటాయి. పక్ వైపు చూడకు, మాథ్యూస్ 34వ నంబర్ వెంటే కళ్లు పెట్టు.