గీతలు పడ్డ ఆడియో సీడీ: ముందు పేస్టా, ముందు రిప్పా?

గోదారిగట్టు:
మా అమ్మమ్మ పాడిన మంగళహారతులు, పెళ్ళిపాటలు మొత్తం 14 ఒక సీడీలో ఉన్నాయి. 2006లో క్యాసెట్ నుంచి ఎక్కించారు. క్యాసెట్‌కి బూజు పట్టి ఎప్పుడో పోయింది. అమ్మమ్మ కూడా లేదు. ఇప్పుడు తొమ్మిదో పాట మధ్యలో టక్ టక్‌మంటోంది. మెరిసే వైపు గీతలున్నాయి. టూత్‌పేస్ట్ పెట్టి రుద్దితే పోతుందని మా బావ పట్టు. రుద్దనా, వద్దా?

రిమోట్‌పోయింది:
ధైర్యంగా రుద్దండి. తెల్ల పేస్టు, మెత్తటి గుడ్డ. మధ్యలోంచి అంచుకి నిలువుగా లాగాలి, గుండ్రంగా తిప్పకూడదు. నేను పది సీడీలు బతికించాను.

సున్నాఒకటి:
ఆ పదీ బజార్లో దొరికేవే కదండీ? పోతే ఇంకోటి కొనుక్కుంటారు. ఇది ఒక్కటే కాపీ. దయచేసి ఇప్పుడే రుద్దకండి.

ముందు సీడీని ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పెట్టి చూడండి. అందరూ మెరిసే వైపు గీతలు చూసి కంగారు పడతారు గానీ, సీడీ ప్రాణం, అంటే పాట రాసి ఉన్న పొర, పైన లేబుల్ కిందే ఉంటుంది. అక్కడ కాపలా ఉన్నది వార్నిష్ లాంటి పల్చటి పూత ఒక్కటే. కింది వైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంది. లేజర్ ఆ ప్లాస్టిక్‌ని తాకే చోట దాదాపు 0.8 మి.మీ. వెడల్పుంటుంది. లోపలి పొర చేరేసరికి రెండు మైక్రాన్ల లోపుకి కుదించుకుపోతుంది. అందుకే సన్న గీతలు దానికి ఆనవు. కళ్ళజోడు మీద వెంట్రుక పడినా మనం పేపర్ చదువుకోవట్లేదా, అలాగే. చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే మాత్రం అక్కడ రాసింది పోయినట్టే, ఏ పేస్టూ తేలేదు.

తర్వాత ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రామ్‌లో సెక్యూర్ మోడ్ పెట్టి రిప్ చేయండి, అంటే పాటల్ని కంప్యూటర్‌లోకి ఫైళ్ళుగా దించుకోండి. లినక్స్ అయితే సీడీపారనోయా. చదివిందే మళ్ళీ చదివి సరిచూసుకుంటాయి. ఒక డ్రైవ్‌లో రాకపోతే ఇంకోటి చూడండి. పాత డెస్క్‌టాప్‌ది దొరికితే వదలకండి.

టేప్‌రికార్డర్:
సెక్యూర్ మోడ్ గొప్పలు నేనూ విన్నాను. ఒక కచేరీ సీడీకి రాత్రంతా నడిపితే తెల్లారేసరికి ఫైల్ నిండా టిక్కులు. అదే సీడీ మా పాత ప్లేయర్‌లో వేస్తే హాయిగా పాడింది! లైన్ అవుట్ నుంచి సిస్టమ్‌కి వైరు వేసి రికార్డ్ చేసుకున్నాను. పాట ఉన్నది వినడానికే కదా?

సున్నాఒకటి:
హాయిగా పాడలేదు, హాయిగా కప్పిపుచ్చింది. ఆడియో సీడీలో రాసేటప్పుడే సమాచారాన్ని అక్కడక్కడా చెదరగొట్టి, సరిచూసుకునే అంకెలు కలిపి పెడతారు. ట్రాక్ వెంట, అంటే పాట రాసి ఉన్న గుండ్రటి చుట్ల వెంట, సుమారు 2.5 మి.మీ. వరసగా పోయినా ఉన్నది ఉన్నట్టు తిరిగి కట్టుకోవచ్చు. గుండ్రటి గీత నిలువు గీత కన్నా ప్రమాదం అనేది అందుకే, అది ట్రాక్ వెంటే పోతుంది. ఆ హద్దు దాటితే ప్లేయర్ అటూ ఇటూ ఉన్న శాంపిళ్ళు (ధ్వనిని కొలిచి రాసిన అంకెలు) చూసి మధ్యది అంచనాగా పూడుస్తుంది. మీ రికార్డింగ్‌లో ఏది అసలు, ఏది అతుకు? మీకే తెలియదు.

టేప్‌రికార్డర్:
తెలియకపోతే నష్టమేంటండీ? సెకనుకి 44,100 శాంపిళ్ళు. అందులో ఓ యాభై ప్లేయర్ ఊహిస్తే అమ్మమ్మ గొంతు మారిపోతుందా? టిక్కులున్న ఫైల్‌ని చివరికి మీరూ డీక్లిక్‌లో (టిక్కులు చెరిపే ఫిల్టర్) వేస్తారు. అదీ ఊహే.

సున్నాఒకటి:
వేస్తాను, కాపీ మీద. ఎక్కడ అతికానో రాసి పెట్టుకుని మరీ వేస్తాను. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. కంపెనీ సీడీ అయితే అక్యురేట్‌రిప్ అనే ఆన్‌లైన్ జాబితాలో వేరేవాళ్ళ రిప్‌తో పోల్చుకోవచ్చు. ఇంట్లో రాసిన సీడీకి ఆ సాక్ష్యం దొరకదు. అందుకే రెండు డ్రైవ్‌లు అంటున్నాను.

మధ్యాహ్నంనిద్ర:
నాది ఎంపీ3 సీడీ, 120 పాటలు. ఇదే పద్ధతా?

సున్నాఒకటి:
కాదు, అది డేటా సీడీ. పాడైన డిస్క్ నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడాలి. వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిపేస్తే గందరగోళం.

గోదారిగట్టు (నాలుగు రోజుల తర్వాత):
ట్యూబ్‌లైట్‌కి పెడితే అంచు దగ్గర రెండు చుక్కలు వెలిగాయి. గుండె జారిపోయింది. కానీ సీడీ లోపలి నుంచి బయటికి నిండుతుంది, పాటలేమో మొత్తం 42 నిమిషాలే. చివరి సెంటీమీటరు ఖాళీ. రంగు తేడా కూడా తెలుస్తోంది.

స్నేహితుడి పాత డెస్క్‌టాప్‌లో 13 పాటలు ఎర్రర్ లేకుండా వచ్చాయి. తొమ్మిదో దాంట్లో నాలుగు చోట్ల టక్. మిగతావి భద్రం కాబట్టి అప్పుడు బావ చేత రుద్దించాను, నిలువుగానే. రిమోట్‌పోయింది గారూ, మీ పేస్టే. మూడు పోయాయి. నాలుగోది మాత్రం రెండు డ్రైవ్‌లలోనూ అదే చోట, అచ్చం అలాగే వస్తోంది. ప్రోగ్రామ్ ఎర్రర్ కూడా చూపించట్లేదు. ఇక లాభం లేదని డీక్లిక్ తెరిచాను. పక్కన కూర్చుని వింటున్న మా అమ్మ ఆపింది.

"అది టక్ కాదురా, అమ్మ గాజులు. చేత్తో తాళం వేసుకుంటూ పాడేది" అంది.