కెమెరా పట్టుకోబుద్ధి కావట్లేదు, ఏది తీసినా పాతదే అనిపిస్తోంది

కాచిగూడ_కెమెరా:
నికాన్ డీ5600, దాంతో వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్ వాడతాను. ఎక్స్‌పోజర్, ఫోకస్ విషయంలో ఇబ్బంది లేదు. కొన్ని నెలలుగా మాత్రం ఏది తీసినా నిరుడు తీసినదే మళ్లీ తీసినట్టుంటోంది. చార్మినార్, లాడ్ బజార్ గాజులు, ట్యాంక్‌బండ్ మీద సూర్యాస్తమయం, అంతే. వందల కొద్దీ నొక్కడం, ఇంటికొచ్చాక ఒక్కటీ ఉంచుకోవాలనిపించకపోవడం. కొత్త లెన్స్ కొంటే హుషారొస్తుందా? రోజుకో ఫొటో చొప్పున 365 ఛాలెంజ్ మొదలుపెట్టమంటున్నారు కొందరు. మీరేమంటారు?

ఎఫ్_ఎయిట్:
లెన్స్ సంగతి తర్వాత చూద్దామండి. ముందు పాత ఫొటోల లెక్క తీయండి. ఫొటోలు సర్దుకునే లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్ ఉంటే లైబ్రరీలో గ్రిడ్ తెరిచి బ్యాక్‌స్లాష్ కీ నొక్కండి, పైన ఫిల్టర్ బార్ వస్తుంది. అందులో మెటాడేటా ఎంచుకుని ఒక కాలమ్‌లో ఫోకల్ లెంగ్త్ (జూమ్ ఎక్కడుందో), ఇంకోదాంట్లో అపర్చర్ (లెన్స్ కన్ను ఎంత తెరుచుకుందో) పెడితే ఏ అంకె పక్కన ఎన్ని ఫొటోలున్నాయో తేలిపోతుంది. ఏ వేళకి తీశారో కూడా ఒకసారి చూసుకోండి.

కాచిగూడ_కెమెరా:
చూశాను. సగానికి పైగా 18 దగ్గర, మిగతావి 55 దగ్గర, మధ్యలో దాదాపు ఖాళీ. అన్నీ సాయంత్రం ఐదు దాటాకే.

ఎఫ్_ఎయిట్:
అదీ సంగతి. ఊహ ఎండిపోయిందని మీరనుకుంటున్నారు గానీ, రింగ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పేసి నిలబడ్డచోటే నొక్కేస్తున్నారు. వేళా అదే, కంటి ఎత్తూ అదే. ఫొటోలు వేరేగా ఎలా వస్తాయి?

జూమ్ రింగ్‌ని 35 దగ్గర పెట్టి పేపర్ మాస్కింగ్ టేపుతో అంటించేయండి. సెల్లో టేపు వద్దు, మన ఎండలకి జిగురు కరిగి రింగ్ రబ్బరు గాడుల్లో పట్టేస్తుంది. టేపు సగం రింగ్ మీద, సగం కదలని బ్యారెల్ మీద ఉండాలి, ముందున్న ఫోకస్ రింగ్‌కి తగలకూడదు. మీ కెమెరాలోని చిన్న సెన్సర్ మీద 35 అంటే, పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 52 ఎంఎం చూపు. వెడల్పు కావాలంటే వెనక్కి నడవాలి, దగ్గర కావాలంటే ముందుకి పోవాలి. ఇరుకు సందుల్లో మొదట చిరాకేస్తుంది, వేయనివ్వండి.

ప్లేబ్యాక్ మెనూలో ఇమేజ్ రివ్యూ (తీయగానే ఫొటో చూపించేది) ఆఫ్ చేయండి. బయటికెళ్లినప్పుడల్లా 36 ఫ్రేములే, పాత ఫిల్మ్ రోల్ లెక్కన. ఆరో నిజాం కొలువు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిందంతా గాజు పలకల మీదే. ఒక్క పలకకి ఒక్కటే ఎక్స్‌పోజర్, కాబట్టి నిలబెట్టాల్సిన మనుషులని నిలబెట్టి, వెలుగు చూసుకుని అప్పుడు తీయాల్సిందే. మనకా అవసరం లేదు, అందుకే ముందు నొక్కి తర్వాత ఆలోచిస్తాం.

ఇంకోటి. రా (సెన్సర్ పట్టినదంతా దాచే ఫైల్) ప్లస్ జేపెగ్ పెట్టి పిక్చర్ కంట్రోల్‌ని మోనోక్రోమ్ చేయండి. స్క్రీన్ మీద నలుపు-తెలుపు కనిపిస్తుంది, రా ఫైల్లో రంగు భద్రంగా ఉంటుంది. లాడ్ బజార్లో ఇన్నాళ్లూ గాజుల రంగులే మీ ఫొటోని మోస్తున్నాయి. రంగు పోతే గానీ వెలుగు ఎటు నుంచి పడుతోందో పట్టించుకోరు.

ముక్కుసూటి:
365 జోలికి పోకండి. తీయబుద్ధి కానివాడికి రోజూ తీయమని మందు రాస్తే మూడో వారానికి రాత్రి పదకొండింటికి టీ కప్పు ఫొటో పెట్టి పడుకుంటాడు.

సాయంత్రం వెలుగు మానేసి మిట్టమధ్యాహ్నం ప్యానింగ్ చేయండి, అంటే కదిలే బండితో పాటు కెమెరా తిప్పుతూ తీయడం. షటర్ 1/15 సెకను, కంటిన్యుయస్ ఫోకస్, వెళ్లే ఆటోరిక్షాతో పాటు నడుం తిప్పడం, నొక్కాక కూడా తిప్పుతూనే ఉండటం. అయితే ఎండలో ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100 దగ్గర ఎఫ్/16 అపర్చర్‌కి సుమారు 1/100 సరిపోతుంది. 1/15 పెడితే మూడు స్టాపులకి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) కాస్త తక్కువగా వెలుగు ఎక్కువై ఫొటో తెల్లగా పాలిపోతుంది. వెలుగు తగ్గించే ఎన్‌డీ8 ఫిల్టర్ బిగిస్తే సరిగ్గా మూడు స్టాపులు తగ్గుతుంది, అపర్చర్ ఎఫ్/14 దగ్గర పెట్టుకోవచ్చు. ఫిల్టర్ కొనేముందు లెన్స్ ముందు భాగంలో రాసున్న థ్రెడ్ సైజు చూసుకోండి.

పాత ఫొటోలు డిలీట్ చేయకండి. ఓ నలభై ఏరి 4x6 సైజులో ప్రింట్లు వేయించి నేల మీద పరచండి. మీ కెమెరా ఫ్రేము 3:2 కాబట్టి అంచులు పెద్దగా తెగవు. ఫోన్ ఫొటోలు 4:3, వాటికి పైనా కిందా కోత పడుతుంది, ల్యాబ్‌లో ముందే చెప్పాలి. రెండేసి పక్కపక్కన పెట్టి జోడీ కుదిరినవి ఉంచండి, మిగతావి తీసేయండి. స్క్రీన్ మీద ఈ పని సాగదు.

మగ్గం_వీధి:
వీటితో పాటు ఒకే విషయం మీద ఒక చిన్న ఫొటోల వరస పూర్తి చేయండి. హైదరాబాద్‌లోనే ఉన్నారు కదా, ఇక్కత్ చీరలు నేసే పోచంపల్లి పోయిరండి. చీర ఫొటో అందరూ తీస్తారు, మీరు దారాన్ని పట్టుకోండి. ఆసు పోయడం (నూలుని మేకుల చుట్టూ చుట్టడం), డిజైను గీసిన నూలుకి రబ్బరు ముక్కలతో చిటికి కట్టడం (రంగు అంటకుండా బిగించడం), రంగులో ముంచడం, కట్లు విప్పడం, తర్వాతే మగ్గం. ఒక్కో మెట్టుకి మూడు ఫొటోలు: పని జరిగే చోటు మొత్తం, పనిచేసే మనిషి, చేతులు. కట్టు విప్పగానే కింద మిగిలిన తెల్ల నూలు బయటపడే క్షణం కోసం కాచుకోండి. ముందు అడిగి, కూర్చుని మాట్లాడి, అప్పుడే కెమెరా తీయండి.

మగ్గం గదిలో వెలుగు తలుపులోంచే వస్తుంది. చేతులకి 1/125 కావాలి, కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ 3200 దాకా పోవాల్సి రావచ్చు. మీరడిగిన కొత్త లెన్స్‌కి అర్థముంటే ఇక్కడే: 35 ఎఫ్/1.8 అయితే రెండున్నర స్టాపులు కలిసొస్తుంది.

కాచిగూడ_కెమెరా:
నాడె (మగ్గంలో నూలుతో అటూ ఇటూ పరుగెత్తేది) కదలిక ఆగాలంటే 1/500 పెట్టాలి కదా? గదిలో ఎల్‌ఈడీ ట్యూబులుంటే ఫొటో మీద వెలుగునీడల పట్టీలు పడతాయేమో?

మగ్గం_వీధి:
పడొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబు సెకనుకి వందసార్లు మినుకుతుంది. చవక ట్యూబుల్లో మరీ ఎక్కువ. 1/100, 1/50 దగ్గర పట్టీలు కనబడవు. 1/500 కావాలంటే ట్యూబు ఆపాలి, కానీ నేసేవారికి ఆ వెలుగు అవసరం, ఆపమనకండి. 1/50 పెట్టి నాడెని చారలా పోనివ్వండి, మనిషి ముఖం మీద ఫోకస్ ఉంచండి. నాడె ఆ చివర చేరి ఆగినప్పుడు నొక్కితే అదీ స్పష్టంగానే వస్తుంది.