సాహిత్యం, సైన్సు, కళలు కలిపి చేసే పరిశోధనలో కొత్తగా తెలిసేది ఏమైనా ఉందా?

అక్షరవనం (చర్చ మొదలుపెట్టినవారు)
డార్విన్ వాడిన భాష మీద పరిశోధన చేద్దామనుకుంటున్నాను. నేను చదివింది సాహిత్యం, డిగ్రీలో జీవశాస్త్రం కూడా ఉంది. ఇంటర్వ్యూలో ఒకాయన సూటిగా అడిగారు: "డార్విన్ చెప్పింది నిజమా కాదా అన్నది జీవశాస్త్రం తేలుస్తుంది. మరి మీరు తేల్చేదేమిటి?" ఆ పూట నాకు నోట మాట రాలేదు. అప్పటినుంచీ అదే టెన్షన్. ఇలాంటి పరిశోధనలో నిజంగా తెలిసేది ఉందా, లేక పోలికలు చూపించి మురిసిపోవడమేనా?

కొలబద్ద
నేను ఫిజిక్స్ చెబుతాను. చాలామటుకు పోలికలే అని నా అభిప్రాయం. నవలలో కాలం ముందుకీ వెనక్కీ నడిస్తే చాలు, "సాపేక్షతా సిద్ధాంతం ప్రభావం" అని రాసేస్తారు. ఆ రచయిత ఆ సిద్ధాంతం గురించి ఎప్పుడు విన్నాడు, ఎవరి ద్వారా విన్నాడు, ఎంత అర్థమైంది? ఆ ఆరా ఉండదు. 1996లో అలన్ సోకల్ అనే భౌతిక శాస్త్రవేత్త క్వాంటం గురుత్వం పేరుతో కావాలనే అర్థంలేని వ్యాసం రాసి పంపితే సోషల్ టెక్స్ట్ అనే పత్రిక అచ్చేసింది. ఫిజిక్స్ తెలిసిన ఒక్క మనిషికి చూపించినా దొరికిపోయేది.

గురులఘువు
సోకల్ ఉదంతం నిజమే, ఆ పత్రిక తప్పును వెనకేసుకురాను. కానీ రెండు చదువులు నిజంగా కలిసిన చోటు ఒకటి చూపిస్తాను. కాగితం తీసుకోండి. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. నాలుగు మాత్రల్ని ఎన్ని రకాలుగా కూర్చవచ్చు? గగ, గలల, లగల, లలగ, లలలల. ఐదు. మూడు మాత్రలకైతే గల, లగ, లలల. మూడే. ఇక ఐదు మాత్రలకి విడిగా రాయక్కర్లేదు. చివర లఘువుంటే దానిముందు నాలుగు మాత్రలు, గురువుంటే మూడు మాత్రలు ఉంటాయి కదా, అంటే ఐదూ మూడూ ఎనిమిది. 1, 2, 3, 5, 8, 13... ముందున్న రెండూ కలిపితే తర్వాతిది వచ్చే ఈ వరసను జైన పండితుడు హేమచంద్రుడు 1150 ప్రాంతంలో ఛందస్సు కోసం చెప్పాడు. ఇదే వరస వచ్చే ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ కుందేళ్ల లెక్క 1202 నాటిది. ఛందశ్శాస్త్రాన్ని పద్యాలు రాసేవాళ్లకే వదిలేస్తే ఇది గణితమని ఎవరు గుర్తుపడతారు?

కొలబద్ద
బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఇది గణిత చరిత్ర. పద్యం ఎందుకు బాగుందో ఇది ఒక్క ముక్కా చెప్పదు.

నీడగీత
నేను బొమ్మలు వేస్తాను, కాబట్టి కళల వైపు నుంచి ఒక మాట. 1609 జులైలో, గెలీలియో కంటే కొన్ని నెలల ముందే, ఇంగ్లండులో థామస్ హారియట్ దూరదర్శినితో చంద్రుణ్ణి చూసి బొమ్మ గీశాడు. వెలుగుకీ చీకటికీ మధ్య వంకరటింకర గీత, కొన్ని మసక మచ్చలు. అంతే. ఆయన మిత్రుడు విలియం లోయర్ కూడా చూసి, మా వంటమనిషి చేసిన తీపి పిండివంటలా ఉంది, ఒకచోట తెల్లగా ఒకచోట నల్లగా అని ఉత్తరం రాశాడు. ఆ ఏడాది చివర్లో గెలీలియో కుంచెతో వేసిన బొమ్మల్లో మాత్రం గుంటలు లోతుగా, కొండలు ఎత్తుగా కనిపిస్తాయి. గుంట అంచు ఒకవైపు మెరుస్తుంటే రెండోవైపు నీడ. నీడను బట్టి ఎత్తుపల్లాలు పట్టుకోవడం మాకు మొదట్లో నేర్పే పాఠం. గెలీలియో ఫ్లారెన్సులో చిత్రలేఖనం నేర్చినవాడు, 1613లో అక్కడి చిత్రకారుల అకాడమీలో సభ్యుడయ్యాడు. ఆయన కన్నుకి ఆ శిక్షణ ఉంది.

కొలబద్ద
హారియట్ దూరదర్శిని ఆరు రెట్లే పెద్దది చేసేది. గెలీలియోది ఇరవై రెట్లు. ఆ సంగతి వదిలేసి చిత్రకళ అంటే ఎలా? నేను మొదట్లో చెప్పిన జబ్బు ఇదే.

నీడగీత
మీరు పట్టుకున్నది సరైన చోటే. పరికరం సంగతి నేను ముందే చెప్పాల్సింది. అయితే 1610 మార్చిలో ఈ చంద్రుడి బొమ్మలతో గెలీలియో పుస్తకం వచ్చాక హారియట్ వేసిన బొమ్మల్లో గుంటలు కనిపించడం మొదలైంది. అప్పటికి ఆయన పరికరమూ మెరుగైంది, గెలీలియో బొమ్మలూ చూశాడు. ఏది ఎంత అన్నది తేల్చాలంటే కటకాల లెక్కా కావాలి, గీత చదవడమూ రావాలి. ఒక్క చదువు చాలదు.

మాటవెనక
అక్షరవనం గారూ, మీ ఇంటర్వ్యూ ప్రశ్నకి వస్తాను. పిల్లలకి జీవశాస్త్రం చెప్పే రోజుల్లో ప్రకృతి వరణం (నాచురల్ సెలెక్షన్, అంటే పరిసరాలకు సరిపడే లక్షణాలున్న జీవులే ఎక్కువగా మిగిలి వాటిని పిల్లలకి అందించడం) పాఠం దగ్గర ఒకమ్మాయి లేచి, "ఎవరు వరిస్తారండీ?" అంది. స్వయంవరం లాంటిదే అనుకుంది పాపం. వరణం అంటే ఎంచుకోవడం, ఎంచుకోవాలంటే ఒకరుండాలి. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఆ అర్థం మాటలోనే ఉంది.

ఇదే ప్రశ్న డార్విన్‌నీ వేధించింది. తన 'జాతుల పుట్టుక' (ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్) పుస్తకం 1859 తొలి ముద్రణలో, ప్రకృతి వరణం ప్రతిరోజూ, ప్రతి గంటా, ప్రతి చిన్న మార్పునూ పరిశీలిస్తోందని చెప్పవచ్చు అని రాశాడు. తర్వాతి ముద్రణల్లో ఆ వాక్యంలో "రూపకంగా" అన్న ఒక్క మాట చేర్చాడు. 1861 ముద్రణలో, అక్షరార్థంలో చూస్తే ఇది సరైన పదం కాదని తనే ఒప్పుకుని, రసాయన శాస్త్రజ్ఞులు ఇలాంటి మాటలు వాడితే ఎవరూ తప్పుపట్టరే అని అడిగాడు. అయినా జనం ఎంచుకునేవాడి కోసం వెతకడం మానలేదు. 1866లో, డార్విన్‌తో పాటే ఈ సిద్ధాంతం కనుక్కున్న వాలెస్ ఉత్తరం రాసి, ఆ మాట బదులు తత్వవేత్త స్పెన్సర్ మాట, అంటే యోగ్యమైనదే మిగులుతుందనే మాట వాడమని కోరాడు. తన దగ్గరున్న ప్రతిలో ఆ పదం కొట్టేసి పక్కన ఇది రాసుకున్నాడు కూడా. 1869 ముద్రణలో నాలుగో అధ్యాయం పేరులో డార్విన్ రెండూ పెట్టాడు. ఈసారి ఇంకో చిక్కు. యోగ్యమైనది అంటే బలమైనది అనుకుని, బలవంతుడిదే రాజ్యమనే వాదానికి జనం దాన్ని వాడుకున్నారు.

సిద్ధాంతం నిజమో కాదో జీవశాస్త్రమే తేలుస్తుంది. అది జనానికి ఎలా చేరింది, ఎక్కడ వంకర తిరిగింది, రాసినాయన దాన్ని సరిచేయడానికి ఏ మాట ఎక్కడ మార్చాడు? ఇది వాక్యాలు చదవడం వచ్చినవాళ్ల పని. ఆ పెద్దమనిషికి మీరు చెప్పాల్సిన జవాబు ఇదే. 1983లో గిలియన్ బియర్ అనే సాహిత్య విమర్శకురాలు డార్విన్ భాష మీద పుస్తకం తెచ్చినప్పటినుంచీ ఈ దారి ఉంది. మీరు కొత్తగా తవ్వక్కర్లేదు, ముందుకి నడవండి.

అక్షరవనం
మాటవెనక గారూ, ఆ అమ్మాయి ప్రశ్న చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. డార్విన్ తెలుగులోకి వచ్చినప్పుడు వరణం అన్న మాట ఏం చేసిందో చూడాలనిపిస్తోంది.

కొలబద్ద
అదైతే నాకూ చదవాలనుంది. ముందు 1859, 1861, 1869 ముద్రణల నాలుగో అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుని మారిన ప్రతి వాక్యం రాసుకోండి. ప్రభావం అనే మాట ఆ పని అయ్యేదాకా వాడకండి. ఆ పట్టిక ఇక్కడ పెడితే తప్పులు వెతకడానికి నేను సిద్ధం.