ముంపు చేలకు మార్కర్ విత్తనం చాలా, డ్రెయిన్లు తవ్వాలా?

ఉండి ఆయకట్టు: సార్వాకి స్వర్ణ సబ్-1 వరి వేయమంటున్నారు. రెండు వారాల ముంపుకి ఆగుతుందంటున్నారు. మార్కర్లతో, అంటే డీఎన్‌ఏలో గుర్తులు చూసి, తీసిన రకమట. జీఎం (జన్యుమార్పిడి) కాదు కదా? మన డెల్టా ముంపుకి ఆగుతుందా?

నారుమడి: జీఎం కాదండి. ఒడిశా దేశవాళీ రకం ఎఫ్‌ఆర్13ఏ లోని సబ్1 జన్యువుని మామూలు సంకరంతోనే మన మార్టేరు స్వర్ణలోకి తెచ్చారు. లేత మొక్క ఆకు ముక్క తీసి డీఎన్‌ఏ చూస్తారు. 9వ క్రోమోజోమ్ మీద ఆ జన్యువు ఉండి, మిగతాదంతా స్వర్ణకి దగ్గరగా ఉన్న మొక్కల్నే మళ్లీ స్వర్ణతో కలుపుతారు. మార్కర్ లేకపోతే అలా మళ్లీ కలపడం (బ్యాక్‌క్రాస్) మూడోసారికి కూడా సగటున 6 శాతం పైగా ఎఫ్‌ఆర్13ఏ అంశ మిగిలిపోతుంది.

యనమదుర్రు గట్టు: అదంతా సరేనండి. రెండు వారాలు ఆగుతుందన్నారు. మూడో వారం?

నారుమడి: రెండు వారాలన్నది పైరు నిండా మునిగినప్పటి లెక్క. మామూలు రకం నీళ్లపైకి రావాలని సాగి, ఉన్న పిండిపదార్థమంతా ఖర్చు చేసుకుని చస్తుంది. సబ్1 ఉన్నది ఎదుగుదల ఆపుకుని దాచుకుంటుంది. బురద నీరైతే వెలుతురు అందక ఇంకా ముందే పోతుంది. నీరు తీశాక వెంటనే యూరియా చల్లొద్దు, కొత్త ఆకు వచ్చాక వేయండి.

యనమదుర్రు గట్టు: నేనడిగింది మూడో వారం సంగతి.

సన్నబియ్యం: మార్కర్లని తీసిపారేయకండి. 2008లో వచ్చిన మెరుగుపరచిన సాంబమసూరిలో ఎండాకు తెగులుకి మూడు జన్యువులున్నాయి. వాటిలో ఎక్స్‌ఏ21 ఒక్కటున్నా తెగులు ఆగుతుంది కాబట్టి, మిగతా రెండూ ఉన్నాయో లేదో ఆకు చూసి చెప్పలేం. మార్కరే చెప్పాలి.

యనమదుర్రు గట్టు: తెగులు వేరు, నీళ్లు వేరు! మోకాలి లోతు నీరు నెలరోజులు నిలిస్తే పొట్టి స్వర్ణ సాగకుండా కూర్చుంటే పిలకలు ఎక్కడివి? కార్తీకం తుఫానుకి పండిన చేను పడిపోయి కంకి మీదే మొలకొస్తే మీ సబ్1 ఏం చేస్తుంది?

నారుమడి: ఏమీ చేయదు. అది పిలక దశ ముంపుకే. చేను పడిపోవడం, గింజ నిద్రావస్థ (పండిన గింజ వెంటనే మొలవకుండా ఉండటం) చాలా జన్యువుల పని, ఒక్క మార్కర్‌తో తేలదు.

యనమదుర్రు గట్టు: మరి ఆ మాట విత్తనం ఇచ్చేటప్పుడే చెప్పాలి కదా! చెరువు గట్లతో బోదెలు మూసేశారు, డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క. అదడిగితే ముంపు రకం వేసుకోమంటున్నారు.

రొయ్యల సాగు: అన్నిటికీ చెరువులేనా? పట్టా భూముల్లోనే తవ్వుకున్నాం.

యనమదుర్రు గట్టు: భూమి మీదే. బోదె మీది కాదు.

నారుమడి: గట్టుగారూ, బోదె తెరవాల్సిందే, ఒప్పుకుంటా. తెరిచినా గోదావరి వరద వారం రోజులు నిలిచే పల్లపు చేలున్నాయి. నేను సబ్1 వేయమనేది వాటికే.

ఉండి ఆయకట్టు: మాది పదిరోజుల్లో తీస్తుంది. రెండెకరాల్లో వేసి చూస్తా.