ఏ-ఫ్రేమ్ మీద ఏం వేయించాలి, ఇసుకా రబ్బరా?

రాకీవాళ్ల_నాన్న, అనంతపురం
మా రాకీకి ఎజిలిటీ (కుక్క అడ్డంకులు దాటుతా పరిగెత్తే ఆట) నేర్పిద్దామని వెల్డింగ్ షాపులో ఏ-ఫ్రేమ్ చేపిస్తాండా, అంటే రెండు పలకల్ని ఇంగ్లీషు A మాదిరి ఆనిచ్చేది, కుక్క ఒకవైపు ఎక్కి ఇంకోవైపు దిగాల. నాటు కుక్కే, రెండేళ్లు. ఒక్కో పలక 9 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, ప్లైవుడ్ షీటు 8 అడుగులే వస్తాది కాబట్టి పైన కొసకి ఒక అడుగు అతుకేయించినా. ఇప్పుడు దాని మీద ఏం వేయాలో తెలీట్లా. పెయింటర్ ఏమో పెయింట్‌లో ఇసుక కలిపి కొడితే చాలంటాడు, వీడియోల్లో అందరూ రబ్బరు అంటారు. ఆత్రం పట్టలేక ఒట్టి పెయింట్ మీదే ఒకసారి ఎక్కిచ్చినా, సగం ఎక్కి జర్రున కిందకి జారింది, ఇప్పుడు ఫ్రేమ్ చూస్తేనే తోక ముడుస్తాంది 😔

నల్లకుక్క, కర్నూలు
ఇసుక నేను వేయించి అనుభవించినా అన్నా. కొత్తలో పట్టు బాగుంటాది, కానీ గరుకు కాయితం లెక్క గోళ్లు అరిగిపోతాయి, అరికాళ్లు కూడా. పైగా ఇసుక ముందు రాలేది పలక కింది కొసన, కుక్క కాలు పెట్టాల్సిన చోటని పసుపు రంగు కొడతారే, ఆ చోటే, కుక్క దిగేటప్పుడు బ్రేకేసేది కూడా ఆడనే కదా. తర్వాత రబ్బరు షీటు గమ్ముతో అంటిస్తే ఎండకి పూరీ మాదిరి పొంగింది.

సీమబిడ్డ
గోనెపట్ట పర్చి మేకులు కొట్టు బ్రో, పైసా ఖర్చు లేదు

కడప_డాగ్స్
గోనెపట్ట వద్దు సామీ, పోగుల్లో గోరు ఇరుక్కుంటే పీక్కొస్తాది. రబ్బరు గుండ్లు వేయించు, రన్నింగ్ ట్రాక్‌కి వేస్తారే అట్లాంటి సన్నవి, బైండర్ అనే జిగురుతో కలిపి పల్చగా పరిస్తే తడిసినా జారదు. కాకపోతే నల్లవి వద్దు, లేత రంగు చూడు. మే నెల మధ్యాహ్నం కడప బండల మీద ఉత్తకాళ్లతో నడిచినోళ్లకి నేను వేరే చెప్పక్కర్లా, నల్ల రబ్బరూ అంతే కాల్తాది. అరచెయ్యి వెనకవైపు ఆనించి ఏడు లెక్కపెట్టు, పెట్టలేకపోతే కుక్కని ఎక్కించొద్దు. నేనైతే పొద్దున ఏడు లోపలే కానిచ్చేస్తా.

అడ్డపట్టీలు కూడా కొట్టించు. ఎఫ్‌సీఐ రూల్లో సుమారు 25 సెంటీమీటర్లకి ఒకటి, మందం 5 నుంచి 10 మిల్లీమీటర్లు (ఎఫ్‌సీఐ అంటే బియ్యం గోడౌన్ కాదబ్బా, కుక్కల పోటీల అంతర్జాతీయ సంస్థ 😄). అంచులు మాత్రం ఉప్పుకాయితంతో గుండ్రంగా రుద్దించు. ఎత్తు రూల్లో 1.7 మీటర్లు ఉంటాది గానీ నీది ఒకసారి జారి భయపడింది కదా, మోకాలెత్తుకి దించి మొదట్నుంచి మొదలుపెట్టు.

నల్లకుక్క, కర్నూలు
అతుకు కింద ఇనప పట్టీ ఉందా లేదా చూస్కో అన్నా, లేకపోతే బరువుకి ఆడే విరుగుతాది.

రాకీవాళ్ల_నాన్న, అనంతపురం
అతుకు కింద పట్టీ లేదు, రేపే వెల్డింగాయన దగ్గరికి పోతా. రబ్బరు గుండ్లే ఫిక్స్, బూడిద రంగు దొరికింది. అంతవరకూ ఊరకుండడం ఎందుకని పలకల్ని దాదాపు నేలకి ఆనిచ్చి, పైన పాత యోగా మ్యాట్ గట్టిగా కట్టి చికెన్ ముక్క పెట్టినా. ముందుకాళ్లు రెండూ పెట్టి, మెడ ఇంత సాచి ముక్క లాక్కోని పోయినాడు దొంగ. వెనక్కాళ్లు ఇంకా నేల మీదే.